మెమోలో రాసిన రెండు పుట్టుమచ్చలు

1981లో పదో తరగతి పాసైనప్పుడు నా చేతికి వచ్చిన ఎస్సెస్సీ మెమోలో, గుర్తింపు చిహ్నాలు రాసే చోట రెండు వాక్యాలు ఉన్నాయి. ఎడమ చెంప మీద ఒక పుట్టుమచ్చ, వీపు మీద కుడివైపున ఒక పుట్టుమచ్చ. మొదటిదాన్ని రోజూ గడ్డం గీసుకునేటప్పుడు చూస్తూనే వచ్చాను. రెండోది ఉన్నదని కాగితం చెబితే నమ్మడమే తప్ప, నలభై నాలుగేళ్ళలో నా కంటితో చూసుకున్నది లేదు. గత ఆగస్టులో నల్లగొండలోని ఒక చర్మవ్యాధుల క్లినిక్‌లో, ఓ.పి. చీటీ మీదనే, పొద్దున పదిన్నరకు లోపలికి వెళ్ళి పన్నెండున్నరకు బయటికి వచ్చేలోగా ఆ రెండూ నా ఒంటి మీది నుంచి వెళ్ళిపోయాయి.

ఆ వాక్యాలు మెమోలోకి ఎలా ఎక్కాయో నాకు బాగా గుర్తుంది. పరీక్ష రాసే పిల్లల వివరాల పట్టికలైన నామినల్ రోల్స్ నింపే రోజున మా క్లాసు సారు మగపిల్లలందరినీ వరండాలో వరుసగా నిలబెట్టి చొక్కాలు విప్పమన్నారు. ముఖం మీదనో చేతుల మీదనో రెండు మచ్చలు దొరికితే ఆ పిల్లవాడి పని అక్కడితో అయిపోయేది. నాకు ముఖం మీద ఒకటే దొరికింది. సారు నన్ను భుజం పట్టుకుని అటు తిప్పి, వీపు మీద ఒకచోట వేలు పెట్టి, "ఇగో, ఉన్నది" అని రాసుకున్నారు. ఆ తరువాత నేను తెలుగు ఉపాధ్యాయుడినై, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్రతి ఏటా అదే పని చేస్తున్నాను. చొక్కాలు విప్పించడం మానేశాను గాని, చేతులు చాపమని, తల అటు ఇటు తిప్పమని, దొరికిన మొదటి రెండు మచ్చలూ రాసుకుని తరువాతి పిల్లవాడిని పిలవడమే నా పద్ధతి కూడా. వందల కొద్దీ పుట్టుమచ్చలు రాశాను. ఒక్కదాన్ని కూడా నిదానంగా చూడలేదని ఇప్పుడు తెలుస్తున్నది.

చెంప మీదిది పదో తరగతిలో ఉన్నప్పుడు చర్మంతో సమంగా, పెన్నుతో చుక్క పెట్టినట్టుగా ఉండేది. ముప్ఫై దాటాక మెల్లగా లేచి, నలుపు తగ్గి, యాభై నాటికి నానబెట్టిన శనగపప్పు అంతై, నడుమ రెండు వెంట్రుకలు కూడా మొలిచాయి. గీసుకునేటప్పుడు బ్లేడు తగిలి రక్తం రావడం, పటిక రుద్దడం, చొక్కా కాలరు మీద మరక పడడం మామూలైపోయింది. కటింగ్ షాపులో కూడా అదే కథ. "సార్, గిది మల్ల తెగింది. డాక్టరుకు చూపెట్టి తీపిచ్చుకోరాదు?" అని అతను అడిగినప్పుడల్లా చూద్దాంలే అనేవాణ్ణి. నా భార్య మాత్రం ఇంటర్నెట్‌లో ఏవేవో చదివి, పదే పదే తెగే మచ్చ క్యాన్సరుగా మారుతుందేమోనని దిగులు పెట్టుకున్నది. తెగినంత మాత్రాన పుట్టుమచ్చ క్యాన్సరు కాదని తరువాత డాక్టరు గారు మా ఇద్దరికీ చెప్పారు. అయితే, ఏ గాయమూ కాకుండా దానంతటదే రక్తం కారే మచ్చను మాత్రం వెంటనే చూపించుకోవాలని కూడా అన్నారు.

తీయించుకుంటానని చెప్పినప్పుడు మా అమ్మ ఒప్పుకోలేదు. ఆమెకు ఎనభై మూడేళ్ళు. "పుట్టంగ వచ్చినదాన్ని కోపిచ్చుకుంటవారా బిడ్డా? చెంప మీది మచ్చ అన్నం పెట్టే మచ్చ" అన్నది. పంచాంగాల వెనుక పేజీల్లో పుట్టుమచ్చల ఫలితాలు చదివి పెరిగిన తరం కదా. ఆమెతో వాదించలేదు గాని, 'పుట్టుమచ్చ' అన్న మాట దగ్గర మాత్రం నా మనసు ఆగిపోయింది. తెలుగు చెప్పుకుని బతికేవాడికి ఉండే జబ్బు అది. మనం పుట్టుమచ్చలనేవాటిలో చాలా భాగం పుట్టుకతో వచ్చినవి కావు. పుట్టిన శిశువుల్లో నూటికి ఒకరికి మాత్రమే నిజంగా పుట్టుకతో మచ్చ ఉంటుంది. మిగిలినవన్నీ చిన్నతనంలో, యౌవనంలో, ఎక్కువగా ముప్ఫై లోపల ఒక్కొక్కటిగా వస్తాయి. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లనే కణాలు చెల్లాచెదురుగా ఉండక ఒకచోట గుంపు కడితే ఆ మచ్చ ఏర్పడుతుంది. మొదట పైపొరకూ లోపొరకూ మధ్య సరిహద్దులో ఉన్న ఆ గుంపు ఏళ్ళు గడిచేకొద్దీ లోపలికి దిగుతుంది. అందుకే చదునుగా, నల్లగా మొదలైన మచ్చ పెద్దవయసులో ఉబ్బుగా, రంగు తగ్గి కనిపిస్తుంది. నా చెంప మీద జరిగింది అచ్చం అదే. వెంట్రుకలు మొలవడం కూడా భయపడవలసిన గుర్తు కాదు.

మన వాడుకలో ఇంకొక చిక్కు ఉన్నది. నల్లగా, ఉబ్బుగా ఏది కనిపించినా పుట్టుమచ్చ అనో పులిపిరి అనో అనేస్తాం. పులిపిరి వైరస్ వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి అంటుకుంటుంది. మెడ మీద, చంకల్లో వేలాడే మెత్తని తోలు తిత్తులు వేరు. వాటికి అంటుకునే గుణం లేదు. నడివయసులో చెంపల మీద, కళ్ళ చుట్టూ ఆవాలు చల్లినట్టు వచ్చే చిన్న నల్ల బుడిపెలు ఇంకా వేరు. మన రంగు చర్మాలకు అవి చాలా మామూలు, తల్లికి ఉంటే బిడ్డలకూ వస్తుంటాయి. వీటిలో ఏది ఏదో తేల్చకుండా అన్నింటికీ ఒకే వైద్యం చేయడం వల్లనే అనర్థాలు జరుగుతాయి.

అలాంటి అనర్థం ఒకటి మా ఇంట్లోనే జరిగింది. దేవరకొండ వైపు ఉండే మా చిన్నమ్మ కూతురికి పెళ్ళికి ముందు మెడ మీది మచ్చ పోవాలని ఎవరో సున్నం, బట్టల సోడా కలిపి నూరి పెట్టారు. మా ఊళ్ళలో ఈ పద్ధతి తెలియని ఇల్లు లేదు. జీడిగింజ రసం పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు. చాకిరేవులో బట్టలకు చెరగని గుర్తు పెట్టడానికి వాడే ఆ రసం చర్మాన్ని ఎలా పొక్కిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. సున్నం, సోడా తడితో కలిస్తే తయారయ్యేది కాస్టిక్ సోడా అని మా పాఠశాల భౌతిక శాస్త్రం సారు నల్లబల్ల మీద సమీకరణం రాసి చూపించారు. ఆమ్లం పడితే పైన పొరలా గడ్డకట్టి కొంతవరకైనా ఆగుతుంది, క్షారం కొవ్వును కరిగించుకుంటూ లోపలికి పోతూనే ఉంటుంది. చిన్నమ్మ కూతురికి మచ్చయితే పోయింది. ఆ చోట చిటికెన వేలంత కీలాయిడ్, అంటే గాయం మానిన చోట దళసరిగా పెరిగే మచ్చ, లేచింది. పెళ్ళి ఫోటోలన్నింటిలో ఆమె కొంగు మెడ చుట్టూ ఉంటుంది.

నేను మొదట వెళ్ళిన చోటు గురించి కూడా చెప్పాలి. పేరు రాయను. గాజు తలుపులు, చల్లని గది, గోడ మీద మెరిసే ముఖాల బొమ్మలు. కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి నా ముఖం వంక చూసి, చెంప మీదిది, దానితో పాటు మెడ మీది నాలుగు తోలు తిత్తులు లెక్కపెట్టి, మచ్చకు ఇంత అని ధర చెప్పి, అయిదు కలిపితే తగ్గింపు ఉన్నదన్నది. లేజరుతో పది నిమిషాల్లో అయిపోతుందట. డాక్టరు ఎప్పుడు చూస్తారని అడిగితే, చేసేటప్పుడు ఉంటారన్నది. తీసినదాన్ని పరీక్షకు పంపుతారా అంటే, "లేజర్ కదా సార్, ఏమీ మిగలదు" అని ఎంతో ధీమాగా చెప్పింది. ఆ మాటే నన్ను లేపి బయటికి పంపింది. ఏమీ మిగలకపోవడం అంత గొప్ప విషయమేనా అన్న అనుమానం అప్పటికి అనుమానంగానే ఉన్నది.

ఆ తరువాతి వారం గడియారం సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఇంకొక క్లినిక్‌కు వెళ్ళాను. ఇరుకు మెట్లు, ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగు వందల రూపాయల ఓ.పి. చీటీ, పదిహేడో నంబరు టోకెన్. డాక్టరు గారు నలభై లోపు వయసున్న మహిళ. నా చెంప మీదిది చూడడానికి ఆమెకు అర నిమిషం పట్టింది. ఆ తరువాత, "సార్, చొక్కా విప్పి అటు తిరుగుతారా, మిగతా ఒళ్ళు కూడా ఒకసారి చూడాలి" అన్నారు. వరండాలో వరుసలో నిలబడిన రోజు గుర్తుకు వచ్చి నాకు నవ్వు వచ్చింది. ఆమె వెనుక నుంచి నవ్వలేదు. కాసేపు మాట్లాడలేదు కూడా.

టార్చిలైటుకు భూతద్దం బిగించినట్టుండే డెర్మోస్కోప్ అనే పరికరం తెచ్చి వీపు మీద ఆనించి చాలాసేపు చూశారు. మామూలు వెలుతురులో చర్మం పైన తళుకు కొట్టి లోపలిది కనబడదు. ఈ పరికరం ఆ తళుకును తీసేసి, పది రెట్లు పెద్దదిగా, పైపొర కిందనున్న రంగు అల్లికను చూపిస్తుంది. తన ఫోనును దానికి తగిలించి ఫోటో తీసి నాకు చూపించారు. నా వీపు మీది పుట్టుమచ్చను నేను మొదటిసారి చూడడం అలా జరిగింది. ఒకవైపు గోధుమరంగులో మెత్తగా, గుండ్రంగా వాలిన గుట్ట. దాన్ని ఆనుకుని రెండోవైపు గరుకుగా, రాళ్ళు పేర్చినట్టు, నల్లగా ఒక తిప్ప. మా ఊరి పేరునే వీపు మీద మోస్తున్నానని అనిపించింది. ఆమె స్కేలు పెట్టి కొలిస్తే తొమ్మిది మిల్లీమీటర్లు ఉన్నది.

"ఇది ఎప్పటి నుంచి ఉంది సార్?" అని అడిగారు. తెలియదన్నాను. నా భార్య కలుగజేసుకుని, ముందు ఇంత లేదనీ, రెండు మూడేళ్ళుగా నల్లబడుతున్నదనీ చెప్పింది. అంతకాలం నాకెందుకు చెప్పలేదంటే, "చెప్పిన, మీరు విన్నరా?" అన్నది డాక్టరు గారి ముందే. అప్పుడు నాకు మెమో గుర్తుకు వచ్చింది. కుడివైపు వీపు మీద పుట్టుమచ్చ ఉన్నట్టు 1981 నాటి కాగితం ఉన్నదని చెప్పాను. డాక్టరు గారు ఆశ్చర్యపోయి, ఆ సంగతిని చీటీలో రాసుకున్నారు. నలభై దాటాక కొత్తగా మొలిచిన నల్లమచ్చ వేరు, చిన్నప్పటి నుంచి ఉన్నది వేరు అని వివరించారు. చూడకుండా నింపుతారని నేను అనుకుంటూ వచ్చిన గడి ఒకటి, మా సారు వేలు పెట్టి చూసి రాసినందువల్ల, నా వైద్య చరిత్రలో మొదటి వాక్యమైంది. అయినా ఆమె అక్కడ ఆగలేదు. పాతదే అయినా మారింది కాబట్టి పూర్తిగా కోసి తీసి పరీక్షకు పంపుదామన్నారు.

ఏ మచ్చను అనుమానించాలో చెప్పే పద్ధతి ఒకటి 1985లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు కూర్చారు. ఆంగ్ల అక్షరాల వరుసలో ఉండే ఆ సూత్రాన్ని ఆమె ఒక బొమ్మ గీసి చెప్పారు. మచ్చ నడుమ గీత గీస్తే రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి సరిపోవాలి. అంచు చెరువు గట్టులా తెగి తెగి ఉండకూడదు. ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కలిసి ఉండకూడదు. పెన్సిల్ వెనుక రబ్బరంత, అంటే ఆరు మిల్లీమీటర్లకు మించితే చూపించుకోవాలి. 2004లో చేర్చిన చివరి అంశం మార్పు. మచ్చ పెరుగుతున్నా, రంగు మారుతున్నా, దురద పెడుతున్నా దాన్ని వదిలేయకూడదు. నా వీపు మీదిది ఈ అన్నింటిలోనూ తప్పింది. మా పిల్లల భాషలో చెప్పాలంటే అయిదింటికి సున్నా.

ఆ తరువాత ఆమె బూట్లు, సాక్సులు కూడా విప్పమని అరికాళ్ళు, వేళ్ళ సందులు, గోళ్ళు చూశారు. తెల్లవాళ్ళలో మెలనోమా అనే చర్మ క్యాన్సరు ఎక్కువగా ఎండ పడే చోట వస్తుంది. మనలాంటి రంగువాళ్ళలో అది మొత్తంగా అరుదే గాని, వచ్చినప్పుడు చాలాసార్లు అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. 1981లోనే చనిపోయిన జమైకా గాయకుడు బాబ్ మార్లేకు కాలి బొటనవేలి గోటి కింద వచ్చింది ఇదే. వట్టికాళ్ళతో పొలం పనులు చేసేవాళ్ళు మడమ మీది నల్లమచ్చను తుమ్మముల్లు విరిగిందనుకుని నెలల తరబడి పిన్నీసుతో తోడుకుంటూ ఉంటారని, ముల్లయితే రెండు మూడు వారాల్లో తేలిపోవాలి గదా అని ఆమె అన్నప్పుడు, మా ఊళ్ళో నేను చూసిన ఎన్ని మడమలు కళ్ళ ముందు కదిలాయో చెప్పలేను.

చేసే రోజున ఏమీ తినకుండా రావలసిన పని లేదని, ఇడ్లీ తినే రమ్మని చెప్పారు. బీపీ మాత్ర వేసుకుంటానని, రక్తం పలచబడే మందులేవీ లేవని, పళ్ళ డాక్టరు దగ్గర మత్తు సూది పడిందని ముందే రాయించుకున్నారు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నదా అని కూడా అడిగారు, ఎందుకంటే కరెంటుతో చర్మాన్ని కాల్చే రేడియో ఫ్రీక్వెన్సీ యంత్రం దానికి అడ్డు తగలవచ్చు. గాయాలు మానిన చోట దళసరిగా లేస్తుందా అని నా మోచేతి మీది పాత దెబ్బను వేలితో నొక్కి చూశారు. ఒక ఒప్పంద పత్రం మీద సంతకం చేశాను. మచ్చ పోయిన చోట ఇంకొక మచ్చ మిగులుతుందని అందులో తెలుగులో స్పష్టంగా రాసి ఉన్నది. ఆ వాక్యం గాజు తలుపుల చోట ఎవరూ నాకు చెప్పలేదు.

ముందు చెంప. సిస్టర్ ఎర్రటి ద్రావణంతో తుడిచింది. సూది వెంట్రుకంత సన్నం, కాని మందు లోపలికి వెళ్ళేటప్పుడు పది సెకన్లు చుర్రుమని మండింది. లిగ్నోకేయిన్ అనే ఆ మత్తుమందు ఆమ్ల గుణం ఉన్నది కాబట్టి ఆ మంట. 1943లో స్వీడన్‌లో తయారైన ఆ మందు లేకపోతే పళ్ళ ఆసుపత్రులూ ఇలాంటి గదులూ ఎలా ఉండేవో ఊహించడం కష్టం. రక్తనాళాలు ముడుచుకోవడానికి అందులో అడ్రినలిన్ కలిపి ఉంటుంది. అది పని చేసేదాకా ఆగాలని చెప్పి ఆమె పది నిమిషాలు పక్క గదిలో ఇంకో రోగిని చూసి వచ్చారు. మత్తు ఎక్కాక నొప్పి పోతుంది గాని స్పర్శ పోదు. బ్లేడుతో చెక్కుతున్నట్టు, ఎవరో ముఖం మీది అట్టను మెల్లగా లాగుతున్నట్టు తెలుస్తూనే ఉన్నది.

ముందుగా కాల్చకుండా బ్లేడుతో ఎందుకు తీశారని అడిగాను. "కాల్చేస్తే చదవడానికి ఏం మిగలదు సార్" అన్నారు. గాజు తలుపుల దగ్గర ధీమాగా వినిపించిన మాటే, ఇక్కడ తద్విరుద్ధమైన అర్థంతో. ముక్కను చెక్కి సీసాలో వేసిన తరువాతనే, మిగిలిన అడుగును రేడియో ఫ్రీక్వెన్సీ తీగతో సానబట్టారు. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. అది నా చెంపేనని గుర్తుకు వస్తే కాస్త ఇబ్బందిగా అనిపించింది. మెడ మీది తోలు తిత్తులను అదే తీగతో రెండేసి సెకన్లలో ముట్టించారు. వాటి గురించి రాయడానికి ఇంకేమీ లేదు.

వీపు పని వేరు. బోర్లా పడుకున్నాను గనుక చూడలేదు, విన్నదే రాస్తున్నాను. మచ్చ చుట్టూ రెండు మిల్లీమీటర్ల మంచి చర్మాన్ని కలుపుకుని, కంటి ఆకారంలో పెన్నుతో గీశారు. గుండ్రంగా కోస్తే కుట్టేటప్పుడు రెండు చివర్లా చర్మం చెవుల్లా లేస్తుందట. అందుకని వెడల్పుకు మూడు రెట్లు పొడవుండాలి. తొమ్మిది మిల్లీమీటర్ల మచ్చకు నాలుగు సెంటీమీటర్ల కోత ఎందుకో అప్పుడు అర్థమైంది. లోపల కరిగిపోయే దారంతో, పైన నల్లని నైలాన్ దారంతో ఆరు కుట్లు. దారం చర్మంలోంచి జారేటప్పుడు గోనెసంచి కుడుతున్న చప్పుడు వినబడుతున్నట్టు నాకు అనిపించింది. అది నా ఊహే కావచ్చు.

లేచి కూర్చున్నాక సిస్టర్ రెండు చిన్న సీసాలు చూపించింది. ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో చెంప మీది ముక్క నానిన పెసరపప్పులా అడుగున పడి ఉన్నది. వీపుది చిన్న చేపలా ఉన్నది. ఒక చివర ఒక దారం ముడి వేలాడుతున్నది. ఏ అంచు ఏ దిక్కుదో ల్యాబులో తెలియడానికి ఆ ముడి. సీసా మీది చీటీలో నా పేరు, వయసు, తేదీ, చోటు సరిగ్గా ఉన్నాయో లేవో నన్నే చదివి చెప్పమన్నది. వీపు ఎడమ అని రాసి ఉంటే కుడి అని దిద్దించాను. మా క్లాసు సారు చేయని తప్పు అది.

ఆ ముక్కలు హైదరాబాదుకు వెళ్ళాయి. అక్కడ మైనంలో పోతపోసి, మిల్లీమీటరులో రెండు వందలవ వంతు మందాన పొరలుగా కోసి, రెండు రంగులు అద్ది మైక్రోస్కోపు కింద పెడతారు. కణాల నడిమి కేంద్రకాలకు ఊదా రంగు ఎక్కించే హెమటాక్సిలిన్ ఒక చెట్టు చేవ నుంచి తీసిన అద్దకపు రంగు. పోచంపల్లి నేతకు, అద్దకానికి దగ్గరగా పెరిగినవాణ్ణి కాబట్టి ఆ సంగతి తెలిసి ఎందుకో సంతోషం కలిగింది.

ఇంటికి వచ్చాక అసలు పరీక్ష మొదలైంది. అమ్మ పసుపు పట్టుకుని సిద్ధంగా ఉన్నది. పసుపు, పౌడరు, కొబ్బరినూనె ఏవీ వద్దని, ఒక రోజు తడి తగలనివ్వక, ఆ తరువాత సబ్బు నీళ్ళతో మెల్లగా కడిగి, పలచగా ఆయింట్‌మెంట్ రాసి ఉంచాలని, రక్తం వస్తే గాజుగుడ్డతో పది నిమిషాలు మధ్యమధ్య తీసి చూడకుండా నొక్కి పట్టాలని కాగితం మీద రాసి ఇచ్చారు. పుండు ఆరాలి అంటాం గదా మనం, నిజానికి ఎండిన పుండు కన్నా కొంచెం తేమగా ఉన్నదే త్వరగా మానుతుంది. చెంప మీద ఎర్రని పక్కు కట్టింది. గీకవద్దంటే చెయ్యి అటే పోతుంది. తొమ్మిదో రోజు అది ముఖం కడుక్కుంటుండగా దానంతటదే ఊడింది. కింద లేత గులాబీ రంగు చర్మం, చూడడానికి ఎవరిదో చెంపను తెచ్చి అతికించినట్టు. అది నల్లబడకుండా ఉండడానికి కొన్ని నెలలు సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు. అరవై ఏళ్ళ తెలుగు సారు ప్రార్థన సమయానికి ముందు స్టాఫ్‌రూంలో అద్దం ముందు తెల్లక్రీము రాసుకుంటుంటే సహోపాధ్యాయులు ఏమన్నారో ఇక్కడ రాయదగినది కాదు.

కుట్లతో వచ్చిన చిక్కు నేను ఊహించనిది. నల్లబల్ల మీద రాయడానికి కుడిచెయ్యి ఎత్తితే వీపు కుడివైపు మొత్తం లాగుతుంది. వీపు చర్మం ఎప్పుడూ సాగుతూ ఉండేది కాబట్టి అక్కడి కుట్ల మచ్చలే అన్నింటికన్నా వెడల్పు అవుతాయని, రెండు వారాలు చెయ్యి భుజం దాటి ఎత్తవద్దని చెప్పారు. ఆ పద్నాలుగు రోజులూ బల్ల కింది సగంలోనే రాశాను. సీసపద్యం పాదాలు ఆ సగంలో పట్టక, రెండేసి పాదాలు రాసి, చదివించి, చెరిపి, మళ్ళీ రాసేవాణ్ణి. వెనుక బెంచీవాళ్ళకు కనబడడం లేదని ఒక అమ్మాయి చెబితే, ఆమెనే పిలిచి పై సగంలో రాయించాను. గణవిభజనతో సహా తప్పు లేకుండా రాసింది. ముఖాన కుట్లు పడితే వారంలోపలే తీసేస్తారు. వీపువి పద్నాలుగో రోజున తీశారు.

రిపోర్టు పదో రోజుకే వచ్చింది. ఆ పది రోజులు ఎలా గడిచాయో చెప్పను గాని, రాత్రిళ్ళు మెమో తీసి ఆ రెండో వాక్యాన్ని చదువుకున్న మాట నిజం. చెంప మీదిది లోపలి పొరకు దిగిన మామూలు పుట్టుమచ్చ. వీపు ముక్కలో రెండు వేరు వేరు విషయాలు కనిపించాయి. ఒక పాత పుట్టుమచ్చ, దాన్ని ఆనుకుని పెరిగిన సెబోరిక్ కెరటోసిస్. రెండోది వయసుతో వచ్చే గరుకు బుడిపె. మైనం అతికించినట్టు పైపైన పెరుగుతుంది, ప్రమాదమేమీ లేదు. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి. అంటే మెమో చెప్పినదీ నిజమే, నా భార్య చెప్పినదీ నిజమే. పాతది పాతదే, మారినది దాని పక్కనున్నది. ఈ మాట ఇంట్లో చెప్పినప్పుడు ఆమె, "నేను గదే గదా చెప్పింది" అన్నది.

రిపోర్టును పారేయవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. బ్లేడుతో పైనుంచి చెక్కిన మచ్చకు అడుగున కొన్ని కణాలు మిగిలి, కొన్ని నెలలకు అదే చోట మళ్ళీ రంగు తేలవచ్చు. అలా తిరిగి వచ్చినది మైక్రోస్కోపు కింద చెడ్డదానిలా కనబడి మోసం చేస్తుంది. మొదటి రిపోర్టు చేతిలో ఉంటే ఆ గందరగోళం ఉండదు. ప్లాస్టిక్ కవరులో పెట్టి మెమో పక్కనే దాచాను. మొత్తం ఖర్చు, రెండు ముక్కల పరీక్షతో కలిపి, ఏడు వేల ఎనిమిది వందలైంది. గాజు తలుపుల దగ్గర తగ్గింపు పోగా చెప్పిన ధర దీనికన్నా ఎక్కువే.

అక్టోబరులో ఈ ఏటి నామినల్ రోల్స్ వచ్చాయి. ఒక్కో పిల్లవాడి దగ్గర నాకు ఇదివరకటి కన్నా ఎక్కువసేపు పడుతున్నదని తోటి సారు విసుక్కున్నారు. ఒక అబ్బాయి ముంజేతి మీద అరచేయంత మచ్చ, దాని నిండా వెంట్రుకలు. పుట్టుకతోనే ఉన్నదన్నాడు, ఈసారి ఆ మాట అక్షరాలా నిజం. అంత పెద్దవాటిని ఏడాదికొకసారి చూపించుకోవడం మంచిదని వాళ్ళ నాన్నకు ఫోను చేసి, నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగానికి తీసుకుపొమ్మని చెప్పాను.

వచ్చే ఏడాది నా పదవీ విరమణ. 2021లో మా వయోపరిమితి అరవై ఒకటికి పెరగడంతో దొరికిన మూడేళ్ళు కూడా అయిపోవస్తున్నాయి. పెన్షన్ ప్రతిపాదనల్లో ఎత్తు, గుర్తింపు చిహ్నాలు రాసి, హెడ్మాస్టరుతో ధ్రువీకరణ చేయించవలసిన పత్రం ఒకటి ఉన్నది. మెమోలో ఉన్నట్టు రాస్తే అబద్ధం, లేనట్టు రాస్తే మెమోతో కుదరదు. మూడు రోజులు ఆలోచించి, ఎడమ చెంప మీద చిన్న తెల్లని మచ్చ, వీపు కుడివైపున నాలుగు సెంటీమీటర్ల కుట్ల మచ్చ అని రాశాను. కింద క్లినిక్ చీటీ నకలు జతపరిచాను. మా హెడ్మాస్టరు నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. పెన్ను తీసి, చదివి, చెంప వంక ఒకసారి చూసి, "వీపుది కూడా చూడాల్నా సార్?" అని నవ్వారు. చూడండి అని నేను చొక్కా పై గుండీ విప్పుతుండగానే, వద్దు వద్దంటూ సంతకం పెట్టేశారు.